తొమ్మిదా, పదా?

గిటారు మెడ మీద తెల్లటి చుక్కలుంటాయి, చూశారా? వాయించని వాళ్లు అవి అలంకారం అనుకుంటారు. వాయించేవాళ్లు కిలోమీటరు రాళ్లలాంటివి అంటారు. ఇద్దరిదీ కొంత నిజమే. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది ఫ్రెట్ల దగ్గర ఒక్కో చుక్క, పన్నెండు దగ్గర రెండు, పదిహేను దగ్గర మళ్లీ ఒకటి. ఏ దుకాణంలో ఏ గిటారు తీసి చూసినా దాదాపు ఇంతే. ఆ "దాదాపు" దగ్గరే మా ఇంట్లో నెలరోజులు పంచాయితీ నడిచింది.

ముందు కొంచెం లెక్క చెప్పాలి (ఇంజినీరింగు చదివిన పాపం ఊరికే పోదు). ఫ్రెట్లు అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, మన వీణకు మెట్లున్నట్టు. వాటి స్థానం ఎవరి ఇష్టం మీదా ఆధారపడదు. మిగిలిన తీగ పొడవును 17.817తో భాగించుకుంటూ పోతే ఒక్కో ఫ్రెట్ ఎక్కడ రావాలో తేలిపోతుంది. 650 మిల్లీమీటర్ల తీగకు మొదటి ఫ్రెట్ 36.5 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర. మిల్లీమీటరు అటూ ఇటూ జరిపితే చెవి ఒప్పుకోదు. చుక్కలు అలా కాదు. చుక్క ఎక్కడ పెట్టినా స్వరం మారదు. ఫ్రెట్ గణితం, చుక్క అలవాటు. మనం రాసే ప్రోగ్రాముల భాషలో చెప్పాలంటే ఫ్రెట్ కోడు, చుక్క కామెంటు. కామెంటు తప్పున్నా ప్రోగ్రాము నడుస్తుంది, చదివేవాడే ఆగమవుతాడు.

ఈ గిటారు మా పెద్దబాపుది. (పెద్దబాపు అంటే పెదనాన్న, కోస్తా మిత్రుల కోసం.) మాది వర్ధన్నపేట, వరంగల్లు నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద. మా జిల్లా పేరు 2016లో వరంగల్ రూరల్ అయింది, 2021లో మళ్లీ వరంగల్ అయింది, మేము మాత్రం ఎక్కడికీ కదల్లేదు. పెద్దబాపు దర్జీ. పొద్దంతా మిషను, సీజన్లో రాత్రిళ్లు ఆర్కెస్ట్రా. పెళ్లిళ్లు, వినాయక నవరాత్రులు, దసరా స్టేజీలు... ఇళయరాజా పాటలు ఎన్ని వాయించాడో లెక్క లేదు. 1988లో సికింద్రాబాదు పోయి కలకత్తాలో తయారైన ఒక గిటారు కొనుక్కొచ్చాడు. ఇప్పుడు ఆయనకు అరవై అయిదు. రెడీమేడ్ బట్టలొచ్చి మిషను మూలకు పడ్డది, ఆ తర్వాత షుగరొచ్చి చూపు మందగించింది. మనిషి నిలబడితే ఆకారం తెలుస్తది గానీ ముఖం తెలవదు. చెవులు మాత్రం అమోఘం.

గిటారు చుక్కలు ఫ్యాక్టరీవి కావు. ఆ రోజుల్లో చవక గిటార్లకు ప్లాస్టిక్ చుక్కలు వేసేవారు. ఎండకు అవి కుంచించుకుపోయి, జిగురు వదిలి, ఒక్కొక్కటే రాలిపోయాయి. పెద్దబాపు ఏం చేశాడు? దర్జీ కదా, గుండీలు పొదిగాడు. ఇప్పటి ప్లాస్టిక్ గుండీలు కాదు, ముత్యపు చిప్ప గుండీలు. ఆయన వాటిని సీప్ గుండీలు అంటాడు. ఒకప్పుడు మంచి చొక్కాలకు అవే వేసేవారట. గుండీని ఆకురాయితో చుట్టూ అరగదీసి, చిన్నది చేసి, గుంటలో ఆరల్డైట్ వేసి కూర్చోబెట్టాడు. నాలుగు బొక్కల్లో నల్లటి లక్క నింపాడు. దగ్గరికి పోయి చూస్తే తప్ప అది గుండీ అని తెలీదు. తెలిశాక ఇంకేదీ కనిపించదు.

(అన్నట్టు "పొదగడం" ఎంత మంచి మాటో చూడండి. నగలో రాయినీ పొదుగుతాం, కోడి గుడ్డునూ పొదుగుతుంది. ఇంగ్లీషు వాడి ఇన్‌లేకి ఆ వెచ్చదనం లేదు.)

సరే, ఆ గుండీలు కూడా ముప్పై ఏళ్లకు అరిగిపోయాయి. చిప్పను గట్టిది అనుకుంటాం గానీ తీగను పక్కకు లాగి వాయించే చోట చెమట, గోరు, ఇనుప తీగ కలిసి దాన్నీ తింటాయి. ఏడో ఫ్రెట్ గుండీ మధ్యలో చిన్న కాలువే పడ్డది. మూడోది నిలువునా పగిలింది, దాని అంచు వేలికి గీసుకునేది. పన్నెండు దగ్గర రెండిట్లో ఒకటి ఎప్పుడో ఊడిపోయి గుంటలో మట్టి పేరుకుంది. చాలా గిటార్లకు మెడ అంచున, వాయించేవాడి కంటికి ఎదురుగా, సన్నటి పక్క చుక్కలుంటాయి. నిజానికి వాయించేటప్పుడు చూసేది వాటినే, ముందువైపు చుక్కలు జనానికే ఎక్కువ కనిపిస్తాయి. ఈ గిటారుకు పక్క చుక్కలు లేవు. అంటే ముందువైపువే దిక్కు.

మొన్న వేసవిలో మా అక్క కూతురు హన్మకొండ నుంచి సెలవులకొచ్చింది. (అక్కంటే పెద్దబాపు బిడ్డే.) పదకొండేళ్లు. అటక మీంచి గిటారు దింపించి, ఫోన్లో యూట్యూబు పెట్టుకుని మొదలుపెట్టింది. ఒక్క తీగ మీద వాయించే చిన్న పాట. బానే పోతోంది... ఒక చోటుకొచ్చేసరికి ప్రతిసారీ కర్ణకఠోరం. వీడియోలో పాఠం చెప్పే మనిషి "తొమ్మిదో ఫ్రెట్, ఏడు తర్వాత వచ్చే చుక్క" అంటాడు. పిల్ల ఏడు తర్వాత వచ్చే చుక్క మీదే వేలు పెడుతోంది. సీ షార్ప్ రావాల్సిన చోట డీ వస్తోంది. గిటారు చెడిపోయిందని తీర్మానించింది. నేను శ్రుతి సరిచూశాను, బానే ఉంది. అరుగు మీద కూర్చున్న పెద్దబాపు ఇటు తిరక్కుండానే అన్నాడు: "అది పదోది బిడ్డా. ఒక్కటి ఎన్కకు జరుగు."

లెక్కపెట్టి చూస్తే నిజమే. ఆ చుక్క తొమ్మిది దగ్గర లేదు, పది దగ్గర ఉంది! ఆఫ్ బై వన్. మా వృత్తిలో అందరికంటే పాత రోగం. తొమ్మిదో ఫ్రెట్ దగ్గర వేలితో తడిమితే కర్ర కొంచెం నున్నగా, రంగు కొంచెం ముదురుగా తగిలింది. ఫ్యాక్టరీ వాడి గుంటను పెద్దబాపు కర్రపొడితో పూడ్చేసి, పది దగ్గర కొత్తగా తవ్వి గుండీ పెట్టాడన్నమాట.

ఎందుకు? ఆయన ముందు నేర్చుకుంది మాండలిన్. మాండలిన్ అనగానే మనకు పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గుర్తొస్తాడు, 2014లో నలభై అయిదేళ్లకే పోయాడు పాపం. మా పెద్దబాపుది ఆ దారి కాదు, ఆర్కెస్ట్రా మాండలిన్. నాలుగు జతల తీగలు, సినిమా పాటలు. మాండలిన్‌కు చుక్కలు ఐదు, ఏడు, పది, పన్నెండు దగ్గరుంటాయి. బ్యాంజోకు అంతే, ఉకులేలేకూ అంతే. ఆ మాటకొస్తే జాంగో రైన్‌హార్ట్ వాయించిన సెల్మర్ తరహా గిటార్లకూ పది దగ్గరే. కాబట్టి పది అనేది మా పెద్దబాపు పిచ్చి కాదు, దానికీ ఒక వంశం ఉంది. పదేళ్లు మాండలిన్ వాయించి గిటారుకొచ్చిన మనిషి స్టేజీ మీద, చీకట్లో, పాట మధ్యలో కిందికి చూస్తే పది కనపడాలి. అంతే. తన చేతికి తగ్గట్టు కామెంటు మార్చుకున్నాడు.

తొమ్మిది వైపు వాదన కూడా బలమైందే. పన్నెండును మధ్యలో పెట్టి చూడండి. వెనక్కి మూడు వేస్తే తొమ్మిది, ముందుకు మూడు వేస్తే పదిహేను. వెనక్కి ఐదుకు ఏడు, ముందుకు ఐదుకు పదిహేడు. అద్దంలో చూసినట్టుంటుంది. అదీగాక, తీగను నొక్కకుండా ఊరికే తాకిస్తే గంట మోగినట్టు ఒక స్వరం పలుకుతుంది కదా, హార్మోనిక్ అంటారు, ఆ చోట్లు పన్నెండు, ఏడు, ఐదు, ఇంచుమించు తొమ్మిది దగ్గర వస్తాయి. పది దగ్గర అంత గట్టిగా ఏదీ పలకదు. అందుకే తొమ్మిది పెట్టారని నేననడం లేదు, కానీ మూడు, ఐదు, ఏడు, తొమ్మిది అని ఒక ఫర్ లూప్‌లో రాసెయ్యొచ్చు. పది వస్తే ఇఫ్ కండిషన్ పెట్టాలి.

ఇక్కడ ఇల్లు మూడు పార్టీలుగా చీలింది. మా అక్క అంది, "ఆరేడు వేలు పెడితే కొత్తది వస్తది, దీన్ని గోడకు తగిలియ్యండ్రి." నా పార్టీ వేరు. అరిగిన గుండీలు మార్చుదాం, చుక్క మాత్రం పది దగ్గరే ఉంచుదాం, పిల్లకు లెక్క చెప్తే సరిపోతుంది అని. ఎవరో రాసిన పాత కోడులో ఎక్కడో ఒక చోట ప్లస్ వన్ ఉంటుంది. ఎందుకో రాసి ఉండదు. కొత్తగా చేరిన కుర్రాడు అది తప్పనుకుని తీసేస్తాడు, శుక్రవారం సాయంత్రం ఏదో కూలుతుంది. అందుకని కారణం తెలియని దాన్ని ముట్టుకోకూడదు, తెలిసిన దాన్ని అసలే ముట్టుకోకూడదు అని నా సిద్ధాంతం. పాత గిటార్లు సేకరించేవాళ్లూ అంతే. ఫెండర్ కంపెనీ 1959 నుంచి 1964 దాకా రోజ్‌వుడ్ మెడల మీద వేసిన మట్టిరంగు చుక్కలు అలాగే ఉన్నాయా లేదా అని భూతద్దం పెట్టి చూస్తారు, మారిస్తే ధర పడిపోతుంది.

పెద్దబాపు పార్టీలో ఆయనొక్కడే. "తొమ్మిదికి పెట్టు" అన్నాడు.

నేను ఊరుకోలేదు. ముప్పై ఏళ్లు నువ్వు వాయించిన గుర్తు అది, నువ్వు మళ్లీ వాయిస్తే ఎట్లా అన్నాను. కావాలంటే మెడ అంచున పది దగ్గర కొంచెం ఉబ్బెత్తుగా ఒక చుక్క పెడతాను, బొటనవేలికి తగులుతుంది, చూడాల్సిన పని లేదు అన్నాను. డిజైను కూడా గీశాను. ఆయన గిటారు తీసుకుని ఒళ్లో పెట్టుకుని, కళ్లు ఎటో పెట్టి, ఆ పాటే ఎక్కడా ఆగకుండా వాయించాడు. పిల్ల నోరు తెరిచింది. "పదో మెట్టు యాడుందో నా చెయ్యికి ఎరికే గదరా. సుక్క నాకెందుకు? సూసేటోళ్లకు గావాలె. ఈ పిల్ల రేపు పదిమందిల గూసుండి వాయిస్తది. ఆళ్లందరిది తొమ్మిదైతే ఈమెది పదెట్లయితది?"

కొలతలు తీసి కుట్టిన మనిషి మాట. చొక్కా వేసుకునేవాడికి సరిపోవాలి, కుట్టినవాడికి కాదు. నాకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఒప్పుదల లేదు. పదిమందితో కూర్చునే గిటార్లు లక్షల్లో ఉన్నాయి, పది దగ్గర గుండీ ఉన్నది ఇదొక్కటే. కానీ గిటారు ఆయనది, వాయించేది ఆ పిల్ల. నాది సోల్డరింగ్ ఐరన్ మాత్రమే.

పని ఎలా జరిగిందో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఆరల్డైట్ వేడికి మెత్తబడుతుంది. గుండీ నడుమ సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించి అర నిమిషం ఉంచి, సన్నటి సూదిమొన కత్తితో అంచు పట్టి లేపితే వచ్చేస్తుంది. మొండికేసిన దానికి మధ్యలో సన్న డ్రిల్ వేసి, చిన్న స్క్రూ బిగించి, కొరుడుతో పైకి లాగాలి. చుట్టూ ఉన్న కర్ర పెచ్చు లేవకుండా ముందే కత్తితో అంచంతా ఒక గీత గీసుకోవాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం.

కొత్త చుక్కలు నెట్‌లో దొరుకుతాయి, ఆరు మిల్లీమీటర్లవి, అచ్చం ముత్యపు చిప్పవే. తెప్పిద్దాం అనేలోపే పెద్దమ్మ లోపల్నుంచి ఒక రేకు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. నిండా గుండీలు! మూడొంతులు ప్లాస్టిక్ ఉంటాయేమో. పెద్దబాపు ఒక్కోదాన్ని పెదవికి ఆనించి వేరు చేశాడు. చిప్ప చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. చూపు అక్కర్లేని పరీక్ష. (ఈ చిప్పల సంగతి కూడా ఒకటి చెప్పాలి. గుండీలకు వాడే ట్రోకస్ లాంటి సముద్రపు గుల్లల్ని మన దేశంలో 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాలో చేర్చారు. కాబట్టి పాత డబ్బాలో ఉన్నవి వాడుకోవడమే అన్నివిధాలా మేలు.) ఆరు మంచివి దొరికాయి. కావలసింది ఏడు.

అరగదీసే పని ఆయనే చేస్తానన్నాడు. గుండీని ఒక స్క్రూకు బిగించి డ్రిల్ మిషన్లో పెట్టి తిప్పితే ఆకురాయి ఆనించడమే ఆయన పని. నీళ్లు చల్లుతూ చేయాలి, మూతికి మాస్కు ఉండాలి, చిప్ప దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. తడి పిండి వాసన సముద్రం వాసనలా ఉంటుందని పిల్ల అంది. మా ఊరికి సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు. దానికి తెలిసిన నీళ్లు మా కోనారెడ్డి చెరువు, ఆకేరు వాగు.

తొమ్మిది దగ్గర పూడ్చిన గుంట తెరిచాను. ముప్పై ఏళ్ల నాటి పూత గట్టిగా రాయిలా ఉంది. పది దగ్గర ఖాళీ అయిన గుంట పూడ్చాలి. దానికి మా ఊరి వడ్ల ఆయన దగ్గర జిట్టేగి ముక్క ఒకటి అడిగి తెచ్చాను. జిట్టేగి అంటే ఇంగ్లీషు వాడి ఇండియన్ రోజ్‌వుడ్. ప్రపంచంలో సగం గిటార్ల మెడల మీద మన చెట్టే ఉంటుందంటే అతిశయోక్తి కావచ్చు గానీ చాలా గిటార్ల మీద మాత్రం ఉంది. 2017 జనవరిలో ఆ జాతి చెట్లన్నిటినీ సైటిస్ ఒప్పందంలో చేర్చేసరికి గిటార్లను దేశాలు దాటించి అమ్మేవాళ్లు కాగితాల కోసం తిరగాల్సొచ్చింది. 2019 నవంబరులో వాయిద్యాలకు మినహాయింపు ఇచ్చారు. ఆ చెట్టు ముక్కను సాండ్ పేపర్ మీద రుద్దితే వచ్చిన పొడిని గుంటలో దట్టించి, పైన ఫెవిక్విక్ చుక్కలు వేస్తే క్షణంలో గట్టిపడుతుంది. పొగొస్తుంది, కళ్లు దూరంగా పెట్టుకోండి. ఫ్రెట్ల మీద టేపు అంటించుకోవడం మరచిపోవద్దు.

తర్వాత అంతా ఓపిక. గిటారు మెడ బల్లపరుపుగా ఉందనుకున్నా చాలావాటికి కొంచెం వంపుంటుంది. గుండీ బల్లపరుపు. కాబట్టి గుండీని కొంచెం ఎత్తుగా కూర్చోబెట్టి, ఆరాక, ఆ వంపుకు తగ్గట్టు అరగదీయాలి. ముందు ఆకురాయి, తర్వాత నాలుగు వందల సాండ్ పేపరు, ఆ తర్వాత వెయ్యి. వేలితో తడిమితే కర్ర ఎక్కడ ఆగిందో చిప్ప ఎక్కడ మొదలైందో తెలియకూడదు. ఈ చివరి పరీక్ష కూడా పెద్దబాపుదే. మూడుసార్లు "ఇంక ఉన్నది" అన్నాడు. నాకు ఏమీ తగల్లేదు. నాలుగోసారి "ఇగ సాలు" అన్నాడు. అప్పుడూ నాకు తేడా తెలీలేదు.

వీణ వాళ్లకు ఈ బాధలేం కొత్త కాదు. బొబ్బిలి వీణను పనస దుంగ నుంచి తొలుస్తారు, కానీ ఇరవై నాలుగు మెట్లనూ మైనంలో కూర్చోబెడతారు. మైనం ఎన్నాళ్లో ఉండదు. మెట్లన్నీ ఊడదీసి, మళ్లీ మైనం పోసి, చెవితో వింటూ ఒక్కొక్కటే సర్దుతారు, మేళం కట్టడం అంటారు. అంటే మరమ్మతు ఆ వాయిద్యం జీవితంలో భాగం. పాత మేళం పోయిందని ఎవరూ ఏడవరు. ఈ మాట పెద్దబాపుతో అంటే "మరి నువ్వెందుకు ఏడుస్తున్నవ్?" అన్నాడు.

పది దగ్గర పూడ్చింది కనిపిస్తుంది. మాయం చేయొచ్చు, రంగు కలిపితే చాలు. నేను కలపలేదు. తొమ్మిది దగ్గర తెల్లటి గుండీ, దాని పక్కనే పది దగ్గర ముదురు రంగు మచ్చ. పిల్ల ఇప్పుడు వీడియోతో కలిపి వాయిస్తోంది, స్వరం తప్పట్లేదు. వేగం మాత్రం దేవుడికెరుక.

మరమ్మతులు చేసేవాళ్లు గిటారు పొట్టలో, సౌండ్ హోల్ లోంచి కనిపించేలా, చిన్న కాగితం అంటిస్తారు. ఏం చేశామో, ఎప్పుడు చేశామో రాసి. నేనూ ఒకటి రాశాను, కమిట్ మెసేజీలాగా. "చుక్క పది నుంచి తొమ్మిదికి మార్చడమైనది. గుండీలు పాత డబ్బాలోవి." దాని పైన పెద్దబాపు చేసిన పని కూడా రాద్దామని, తొమ్మిది నుంచి పదికి ఎప్పుడు మార్చావని అడిగాను. పుష్కరాల యేడు అన్నాడు. ఏ పుష్కరాలు? 2003వి అని ఆయన. కాదు, 1991వి, అప్పుడు నేను చిన్నపిల్లను, నీ పక్కన కూర్చుని గుండీలు అందించాను, ఒకటి మింగబోతే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది అని మా అక్క. పెద్దమ్మను సాక్ష్యానికి పిలిస్తే రెండిట్లోనూ పుష్కరాలకు పోలేదని ఇంకో తగాదా మొదలైంది. సంవత్సరం చోట ఖాళీ వదిలేసి అంటించేశాను.

పదిహేనో ఫ్రెట్‌కు గుండీ చాలలేదు, ప్రస్తుతానికి అక్కడ ప్లాస్టిక్ చుక్క ఉంది. పెద్దబాపు తడిమినప్పుడల్లా అక్కడ మొహం చిట్లిస్తున్నాడు. మీ ఇళ్లల్లో పాత డబ్బాల అడుగున సీప్ గుండీ ఏదైనా ఉంటే చెప్పండి, ఒక్కటి చాలు. ముందు పెదవికి ఆనించి చూసుకోండి.